పీటముడియు జాఱుముడియు

ఈ మాసము మేము గుఱ్ఱములను గూర్చి వ్రాయబూనితిమి. "మన యిండ్లలో గుఱ్ఱము లెక్కడివి?" అని మీరు నవ్వవచ్చును. నిజమే. పెండ్లి యూరేగింపులోనో, పందెపు మైదానమునందో, సముద్రతీరమున పిల్లల నెక్కించుకొని త్రిప్పువారి యొద్దనో తప్ప మనకు గుఱ్ఱము కంటబడుట యరుదు. అయినను మంటయో వఱదయో ముంచుకొని వచ్చినప్పుడు ఇంటినే నమ్ముకొన్న మూగప్రాణిని కాపాడుట యెట్లు అను చింత గుఱ్ఱమునకును ఆవునకును ఒక్కటియే. ఈ విషయమున మిక్కిలి శ్రద్ధ వహించి, కష్టపడి, నష్టపడి నేర్చికొన్నవారు కొందఱు దూరదేశమున గలరు. వారు సర్కారు కొలువువారు కారు. గుఱ్ఱపుస్వారి వేడుకకై కూడిన గృహస్థులు, గృహిణులు. వారి నేర్పును మీకు తెలుపవలెనని మా కోరిక.

మొదట మనకు తెలిసిన కథతో ఆరంభింతము. పాండవులు అజ్ఞాతవాసమునకు విరాటుని నగరు చేరినప్పుడు నకులుడు అశ్వశాలకు అధికారియై దామగ్రంథి యను పేరు పెట్టుకొనెను గదా. దామమనగా త్రాడు, గ్రంథి యనగా ముడి. అశ్వవిద్యలో అంతటివాడు తన పేరునకు కళ్ళెమును గాని, కొరడాను గాని, జీనును గాని కోరక త్రాటిముడిని కోరుకొనుట యేల? చిన్ననాడు మాకు భారతము చెప్పిన తాతగారిని ఈ ప్రశ్న యడిగితిమి. ఆయన నవ్వి, "గుఱ్ఱమును కట్టివేయుట యెవనికైనను వచ్చునమ్మా. విప్పవలసిన క్షణమున విడివడునట్లు కట్ట తెలిసినవాడే సాహిణి" అనిరి. ఆ మాట లోతు మాకప్పుడు తెలియలేదు. తెలిసిన విధము కడపట చెప్పెదము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి కడలి యొడ్డున కాలిఫోర్నియా రాష్ట్రము కలదు. మన తెలుగు కుటుంబములు పెక్కు అచ్చట కాపురముండుటచే ఆ పేరు మీకు క్రొత్త కాదు. అచ్చట వానలు చలికాలమున కురియును. వేసవియు శరత్తును పొడిగా గడచును. కొండలమీది పొదలు నెలల తరబడి యెండి చిదుగులై యుండగా, లోనాటి యెడారులనుండి కడలివైపు పొడిగాలి సుడులు గొట్టుచు వీచును. దానిని శాంటా ఆనా గాలి యందురు. ఆ గాలి వీచు దినమున ఒక్క నిప్పురవ్వ చాలును, కార్చిచ్చు పుట్టి కొండలు దాటుటకు. ఆ కొండల నడుమనే ఇండ్లు. ఇండ్ల వెనుక గుఱ్ఱపుశాలలు. ఆ గుఱ్ఱములలో పందెములవి కొన్ని, పిల్లలు స్వారి నేర్చుకొనునవి కొన్ని, పనిచేసి ముదిసి యూరక మేయునవి కొన్ని. ఇరువది యైదు ముప్పది యేండ్లు బ్రతుకు ప్రాణి యగుటచే ఒక్కొక్క గుఱ్ఱము ఇంటి బిడ్డలతో గూడ పెరిగి, బిడ్డలు ఇల్లు విడిచి పోయిన వెనుక తల్లికి తోడుగా మిగులుటయు కలదు.

ఇట్లు గుఱ్ఱములుగలవారు ఊరూర స్వారి సంఘములు పెట్టుకొనిరి. లాస్ ఏంజిలిస్ ప్రాంతమున ఈక్వెస్ట్రియన్ ట్రెయిల్స్ అను సంఘము 1944లో పుట్టెను. దాని శాఖలకు కొరాల్ అని పేరు. అనగా పశువుల దొడ్డి. సెలవుదినముల కూడి స్వారి వెడలుట, పిల్లలకు నేర్పుట, పట్టణములు పెరుగుచుండగా కొండదారులు మాసిపోకుండ కాపాడుట యిట్టి సంఘముల పని. సభ్యులలో స్త్రీలే హెచ్చు. వేడుకకు కూడినవారే యైనను, ఏ యింట ఎన్ని గుఱ్ఱములున్నవో, అందేది పెంకిదో, ఏ ముదుసలి ఒంటరిగా రెండు గుఱ్ఱములను సాకుచున్నదో, ఎవరి యొద్ద వానిని తరలించు బండి కలదో వీరికి తెలిసినట్లు మఱి యెవరికిని తెలియదు. ఈ తెలివిడియే ఆపద వేళ అక్కఱకు వచ్చెను.

గుఱ్ఱమును ఆపదనుండి తప్పించుట ఏల కష్టమో ముందు తెలిసికొనవలెను. పిల్లిని బుట్టలో పెట్టుకొందుము, కుక్కను చంకబెట్టుకొందుము. గుఱ్ఱము నాలుగైదు వందల కిలోల బరువు. దానిని మోటారుబండి వెనుక తగిలించిన పెట్టెబండిలో నిలువబెట్టి కొనిపోవలెను. దానిని ట్రెయిలరు అందురు. చిన్న ట్రెయిలరులో పట్టునవి రెండే గుఱ్ఱములు. ఒక శాలలో 20 గుఱ్ఱములు కలవనుకొనుడు. సురక్షిత స్థలమునకు 40 నిమిషముల దారి యనుకొనుడు. ఒక్క బండితో పది సారులు పోవలెను, తొమ్మిది సారులు తిరిగి రావలెను. లెక్కవేసిన 12 గంటలు దాటును. ఎక్కించు కాలము దింపు కాలము అందులో చేరలేదు. కార్చిచ్చు అన్ని గంటలు ఆగదు. పదిమంది పది బండ్లు తెచ్చిరేని ఒక్క సారియే చాలును. సంఘము యొక్క ప్రయోజనమంతయు ఈ చిన్న లెక్కలో నున్నది.

రెండవ కష్టము గుఱ్ఱము స్వభావము. అది పరుగే రక్షగా బ్రతికిన జాతి. భయపడినప్పుడు తనకు తెలిసిన చోటికే పరుగెత్తును. శాలయందు మేత తిని, నిదురించి, ఇదియే నెలవని నమ్మిన గుఱ్ఱము, బయటికి తెచ్చి విడిచినను, మంటకు బెదరి మరల ఆ మండు శాలలోనికే చొచ్చును. కనుకనే, గుఱ్ఱమును వెలుపలికి తెచ్చిన వెంటనే వెనుక తలుపు మూయుమని అచ్చటివారు పిల్లలకు సైతము నేర్పుదురు.

ఈ పాఠము లెంత వెలయిచ్చి కొన్నవో వినుడు. 2017వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన లాస్ ఏంజిలిస్ ఉత్తరమున సిల్మార్ ప్రాంతమున పుట్టిన చిచ్చు తెల్లవాఱునంతలో శాలలను చుట్టుకొనగా ఒక్క శాలలోనే ముప్పదికి చేరువగ గుఱ్ఱములు మడిసెను. రెండు దినముల కనంతరము, 7వ తేదీన, దక్షిణమున శాన్ డియేగో జిల్లాలో లైలాక్ అని పేరుపెట్టిన కార్చిచ్చు పుట్టెను. అచ్చట శాన్ లూయి రే డౌన్స్ అను పందెపు గుఱ్ఱముల శిక్షణాలయమున 500కు కొంచెము తక్కువగా గుఱ్ఱము లుండెను. పగటిపూట పుట్టిన మంట గాలివేగమున కొన్ని గంటలలోనే శాలల కప్పులను అంటుకొనెను. బండ్లకు వ్యవధి లేదు. సాహిణులు, శిక్షకులు పొగలో దూఱి తలుపులు తెఱచి గుఱ్ఱములను విడిచిపెట్టిరి. వందలకొలది గుఱ్ఱములు దుమ్ములో పొగలో పరుగిడెను. కొన్ని వెనుకకు మరలెను. ఆ దినమున 46 గుఱ్ఱములు చచ్చెను. విడిపింపబోయిన శిక్షకులు కొందఱు తీవ్రముగ కాలిరి. బ్రతికిన వానిని డెల్ మార్ పందెపు మైదానమునకు చేర్చుటకు, ఎవరు పిలిచిరని చూడక, బండ్లుగలవారు బారులు తీర్చి వచ్చిరి.

వానిని చేర్చిన పిదప మఱియొక చిక్కు. ఏ గుఱ్ఱ మెవరిది? ఆ దేశపు పందెపు గుఱ్ఱములకు పైపెదవి లోపల పచ్చబొట్టుగ అంకెలు వేయు వాడుక అప్పుడు ఉండుటచే కొంత మేలయ్యెను. ఇంటి గుఱ్ఱములకు అట్టిది లేదు. పొగకు నల్లబడి, బెదరి, చెమర్చిన గోధుమవన్నె గుఱ్ఱము లన్నియు ఒక్క తీరుననే యుండును.

ఇట్టి అనుభవములనుండి పుట్టినవే సంఘములవారి నియమములు. అవి యన్నియు ఆపద లేని దినముల చేయవలసినవే యగుట గమనింపుడు.

మొదటిది, గుఱ్ఱమును బండి యెక్కుటకు అలవాటు చేయుట. చీకటి పెట్టెవలె నుండు ట్రెయిలరులోనికి పోవుటకు గుఱ్ఱము జంకును. వారమున కొక్కనాడైన అందు దానా పెట్టి తినిపింపవలెను. పగటియందే కాదు, రాత్రియందును చేతిదీపముతో ఎక్కింపవలెను. యజమానురాలే కాక పొరుగువారును ఎక్కించి చూడవలెను. ఏలయన ఆపద వచ్చునాటికి ఆమె ఇంటనుండునని నమ్మకము లేదు. బండి యెక్కుటకు గంటసేపు మొండికేయు గుఱ్ఱము తాను చెడుటయే గాక వెనుక వేచియున్న గుఱ్ఱముల ప్రాణములకును అడ్డు వచ్చును.

రెండవది, సామగ్రి. గుఱ్ఱము తలకు తగిలించు పట్టీ తోలుదిగాని నూలుదిగాని కావలెను. నైలాను పట్టీ వేడికి కరగి చర్మమునకు అంటుకొనును. దానితోకూడ ఒక త్రాడును ప్రతి గుఱ్ఱము గది వెలుపలను చీకటిలో తడవికొనినను దొరకు చోట వ్రేలాడదీయవలెను. పశువులకు గుర్తువేయు రంగుకఱ్ఱతో టెలిఫోను సంఖ్యను గుఱ్ఱము దేహముపై వ్రాయుదురు. జూలులో చీటి అల్లుదురు. చర్మము క్రింద అంకెగల చిన్న బిళ్ళ నెక్కించుటయు కలదు. యజమాని తన గుఱ్ఱముతో నిలిచిన చాయాపటమును, పశువైద్యుని పత్రములును ఒక సంచిలో నుండవలెను. ఒక గుఱ్ఱము దినమునకు 20 మొదలు 40 లీటర్ల వఱకు నీరు త్రాగును. కావున నీటి తొట్లు, మూడు దినములకు చాలు ఎండుగడ్డి సిద్ధముగ నుండవలెను. బండి ముఖము ఎల్లప్పుడును వీధివైపే. ఇంధనము నిండుగ నుండవలెను.

మూడవది, వార్త నందించు వరుస. ఒకరు ఇద్దఱికి, ఆ యిద్దఱు నలుగురికి చెప్పునట్లు పట్టీ వ్రాసికొందురు. పోవుటకు రెండు దారులు, చేరుటకు రెండు చోట్లు ముందే నిర్ణయింతురు. అచ్చటి సర్కారువారు ఆపత్సమయమున మొదట హెచ్చరిక, పిదప ఆజ్ఞ యిత్తురు. హెచ్చరిక వచ్చినప్పుడే, కదలుటకు ఎక్కువ కాలము పట్టువారును, పశువులుగలవారును వెంటనే బయలుదేరవలెనని ఆ ప్రకటనలోనే యుండును. ఆజ్ఞ కొఱకు వేచియున్నవారికి దారి దొరకదు. దారి నిండ వాహనములు నిండిన పిదప ట్రెయిలరు వెనుకకు త్రిప్పుటయు కష్టము.

నాలుగవది, వినయము. పిలువక పోరాదు. సహాయము చేయు నుత్సాహమున ఎవరికి తోచినట్లు వారు బండ్లు తోలుకొని మంటలోనికి పోయిన, అగ్నిమాపకుల బండ్లకు దారి మూసికొనిపోవును. అందుచేత లాస్ ఏంజిలిస్ జిల్లాలోని జంతు సంరక్షణ శాఖవారు స్వచ్ఛంద సేవకులతో అశ్వరక్షక దళమును ఏర్పఱచిరి. సేవకులు ముందే పేరు వ్రాయించుకొని, శిక్షణ పొంది, తమ బండ్లతో అధికారుల వెంట పోవుదురు. ఉత్తరమున బ్యూట్ జిల్లాలో నార్త్ వ్యాలీ జంతు విపత్తు సంఘమను స్వచ్ఛంద సంస్థ యిట్టి పనియే చేయును. చేరిన ప్రతి ప్రాణికి ఎచ్చటినుండి వచ్చెను, ఎవరు తెచ్చిరి, ఎచ్చట కట్టిరి అను మూడు సంగతులు కాగితమున వ్రాసికొనవలెను.

"ఇదంతయు సర్కారే చేయరాదా?" అని మీరడుగవచ్చును. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్ నగరమును ముంచినప్పుడు, కుక్కలను పిల్లులను విడిచి రాజాలక ఎందఱో ఇండ్లలోనే యుండిపోయిరి. ఆ దుఃఖము చూచి 2006లో ఆ దేశమున నొక శాసనము చేసి, ప్రజలను తరలించు ప్రణాళికలలో పెంపుడు జంతువులకును చోటు కల్పించిరి. అయితే ఆ శాసనము నమలుపఱచు నిబంధనలలో ఇంటి పెంపుడు జంతువు అను మాటకు వేసిన యర్థములో గుఱ్ఱము చేరలేదు. శాసనము విడిచిన ఆ సందును పూడ్చుట చాలవఱకు ఊరి సంఘముల వంతయ్యెను.

పూడ్చగలిగిరా? ముందుకన్న మేలుగ ననవచ్చును. 2018 నవంబరు 8వ తేదీన వుల్సీ కార్చిచ్చు పుట్టి సుమారు 97,000 ఎకరములను కాల్చుచు మాలిబు కడలి వఱకు దిగినప్పుడు, పియర్స్ కళాశాల ఆవరణమును గుఱ్ఱములతో నింపిరి. అది చాలక జూమా సముద్రతీరమున ఇసుకపై, ఈతగాండ్రకు కావలికాయు మంచెల స్తంభములకు కట్టిరి. ఒక వంక ఆకాశమంత పొగ, ఒక వంక కడలి, నడుమ కట్టుకొయ్యలకు గుఱ్ఱములు. ఆ చాయాపటములను లోకమంతయు చూచెను. 2025 జనవరి 7వ తేదీన ఈటన్ కార్చిచ్చు సాయంకాలమున పుట్టి రాత్రికి రాత్రి ఆల్టడీనా యను ఊరిని దహించినప్పుడు, సేవకులు నిప్పురవ్వల వానలో బండ్లు తోలి వందలకొలది గుఱ్ఱములను బర్బాంకులోని అశ్వక్రీడాస్థలమునకు చేర్చిరి. ఆ చిచ్చులో మనుష్యులు చనిపోయిరి. ఇండ్లు వేలకొలది పోయెను. గుఱ్ఱము లన్నియు దక్కినవని మేము చెప్పము. కాని ఆ రాత్రి పిలుపు వచ్చినపుడు ఎవరెవరు లేచి రావలెనో వారికి ముందే తెలిసియుండెను. మంట ఆఱిన పిదపను పని ముగియదు. పొగ పీల్చిన గుఱ్ఱమునకు నాలుగు మొదలు ఆఱు వారముల విశ్రాంతి యీయవలెనని వైద్యులు చెప్పుదురు.

ఇక ఈ ప్రణాళికలలో ఒక కఠినమైన భాగము కలదు. చెప్పక దాచుట మాకు న్యాయముగ తోచదు. బండిలో రెంటికే చోటున్నది. మూడు గుఱ్ఱము లున్నవి. మొదట నేవి? ఈ వరుసను శాంతముగ నున్న దినముననే కాగితముపై వ్రాసి యుంచుకొనుమని వారు బోధింతురు. మంట యెదుట నిలిచి యెంచుకొనబోయిన తల్లి మనస్సు మూడింటిని విడువలేక మూడింటిని పోగొట్టుకొనును. మఱియు, ఒక దానిని తప్పక విడువవలసి వచ్చెనేని, శాలలో మూసి విడువరాదు. వాహనములు పోవు బాటపైకి తోలరాదు. పొదలు లేని బయటి దొడ్డిలో విడిచి, శాల తలుపు మూసి, మేని మీద సంఖ్య వ్రాసి, నీరు పెట్టి, మనము తప్పించుకొని పోవలెను. మనము పోవలెను. ఇది వారి మొదటి నియమము, కడపటి నియమము.

ఆదిపర్వమున ఖాండవము దహింపబడునాటి జరిత కథ మీకు జ్ఞాపకమే. ఱెక్కలు రాని నలుగురు పిల్లలను విడువలేక ఆ తల్లి పక్షి మంట యెదుట తల్లడిల్లగా, నీవు బ్రతికిన కులము నిలుచును, పొమ్మని పిల్లలే తల్లిని పంపిరి. ఆ కథలో అగ్ని కరుణించి పిల్లలను కాచెను. కార్చిచ్చునకు ఆ కరుణ లేదు. అయినను ఆ పిల్లల మాట ధర్మసమ్మతమే. తల్లి దక్కిననే గదా రేపటి గూడు.

ఇప్పుడు మా తాతగారి మాట అర్థమైన విధము చెప్పెదము.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి గోదావరి నోట కోనసీమపై తుపాను పడెను. మాకప్పుడు ఎనిమిదేండ్లు. మా నాయనమ్మ యింట ఒక పాడియావు, దాని పెయ్యదూడ యుండెను. ఆ సాయంకాలము వాన మొదలైనప్పుడు దూడను కట్టు పని మాకు చెప్పిరి. రాత్రి దూడ త్రాడు విడిపించుకొని పాలు త్రాగివేయునని పెద్దలు విసుగుకొనుట వినియుండుటచే, మేము మిక్కిలి శ్రద్ధతో కొబ్బరిపీచు త్రాడును గుంజకు చుట్టి పీటముడి వేసి, దానిపై మఱియొక పీటముడి వేసి, మా పనితనమునకు మేమే మురిసితిమి. రాత్రి గాలి పెరిగి కొబ్బరిచెట్లు ఒక్కటొక్కటిగ కూలుచుండగా, నాయనమ్మ లాంతరు చేతబట్టి పాకలోనికి పరుగిడెను. ఆవు పలుపు ఆమె స్వయముగ కట్టినది. ఒక్క లాగుతో విడిపోయెను. దూడ ముడి వానకు నాని ఉబ్బి బిగిసిపోయెను. ఆమె గోళ్ళతో పెరికెను, పండ్లతో లాగెను. కొడవలి కొఱకు ఇంటిలోనికి వచ్చినంతలో పాక కూలెను. ఆ క్షణమున ఆమె లోపల లేకుండుట మా కుటుంబపు పుణ్యము. దూడ దక్కలేదు.

ఆ ముడి యెవరు వేసిరని నాయనమ్మ ఎన్నడును అడుగలేదు. కొన్ని నెలల వెనుక, మఱియొక దూడ వచ్చినప్పుడు, మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని త్రాడు చేతికిచ్చి జాఱుముడి నేర్పెను. అంతియే. దామగ్రంథి యను పేరు మాకు అర్థమైనది ఆ దినమున.

కాలిఫోర్నియాలో స్వారి నేర్చుకొన వచ్చు పిల్లలకు గుఱ్ఱమెక్కుటకు ముందే ఈ ముడి నేర్పుదురని చదివినప్పుడు మాకు నాయనమ్మ స్మృతికి వచ్చెను. అది మనకు క్రొత్త విద్య కాదు. జడకు రిబ్బను కట్టునప్పుడు కొసను పూర్తిగ లోనికి దూర్చక, మడత మాత్రము దూర్చి బిగింతుము గదా. కొస లాగిన విడిపోవును. పలుపును గుంజకు అట్లే కట్టవలెను. పశువు ఎంత లాగినను బిగియును. మనిషి కొస లాగిన విడును. అయితే ఒక జాగ్రత్త. మెడ చుట్టునున్న భాగము జాఱరాదు. అది ఉచ్చువలె బిగిసి ప్రాణము తీయును. మెడయొద్ద జాఱని ముడి, గుంజయొద్ద జాఱుముడి.

మన తీరమునకు కార్చిచ్చు భయము తక్కువ. తుపాను, వఱద భయము హెచ్చు. 1977 నవంబరు 19న దివిసీమను కడలి ముంచినప్పుడు మనుష్యులతోపాటు పశువులును లెక్కకు మిక్కిలిగ పోయెను. వఱద వచ్చునప్పుడు పశువులను కట్టి యుంచరాదని, విప్పి విడువవలెనని నేడు సర్కారు విపత్తు శాఖలును చెప్పుచున్నవి. చెప్పుట సులభము, ఉబ్బిన పీటముడి మాట విననిది.

కావున సోదరీమణులారా, పాడిగల యిండ్లవారు కొన్ని పనులు ఈ మాసముననే చేయవలెనని మా మనవి. పాకలోని ప్రతి ముడిని ఒకసారి మీ చేతితో విప్పి చూడుడు. త్రాటిని నీట తడిపి మరల విప్పి చూడుడు. ఒక కొడవలిని పాక గుమ్మమునకే తగిలించి యుంచుడు. ఇంటిలో నున్న కొడవలి దూరముననున్నట్లే. మీ పశువు చెవికి పసుపుబిళ్ళపై 12 అంకెల సంఖ్య యున్నయెడల దానిని ఒక పుస్తకమున వ్రాసికొని, పశువుతో మీరు నిలిచిన చాయాపటమొకటి తీయించి దాచుడు. గుంజనుండి మెరకనేలకు పశువును అప్పుడప్పుడు నడిపించి ఆ దారి దానికి అలవాటు చేయుడు. తెలియని దారిని చీకటిలో వానలో ఏ పశువును నడవదు.

మఱియొక మాట. స్వారి సంఘములవారు కూడినది వేడుకకు. అక్కఱకు వచ్చినది ఆపదలో. మనకును సంఘములు లేకపోలేదు. ఊరూర పొదుపు సంఘములు కలవు. నెలనెల కూడి లెక్కలు చూచుకొనుచున్నాము. ఆ కూటమిలోనే ఒక అఱగంట యీ పనికి కేటాయింపరాదా? ఏ యింట ఎన్ని పశువులు, ఏ యింట ముదుసలి ఒంటరిగ నున్నది, ఎవరి కడ ట్రాక్టరు కలదు, వార్త ఎవరు ఎవరికి చెప్పవలెను అని ఒక్క పుటలో వ్రాసికొన్న చాలును. అప్పుల పుస్తకము కడపటి పుటలో దానికి చోటు దొరకకపోదు.

ఈ రాత్రి పాలు పితికి పశువును కట్టునప్పుడు, దయచేసి, ఆ ముడిని ఒకసారి చూడుడు. మీ యింటి చిన్నపిల్ల ప్రక్కన నున్నయెడల త్రాటికొస ఆమె చేతికిచ్చి లాగుమనుడు. ఒక్క లాగుతో విడిపోయెనేని మీ యిల్లు సిద్ధముగ నున్నట్లు. లేదేని, కూర్చుండబెట్టుకొని నేర్పుడు. ముడి వేయుట ఆమెకు ఎట్లును వచ్చును.